తలుపుకి గాలి కొట్టిన మామయ్య

మా మామయ్య "నేనే" అన్నవాళ్ళకి తలుపు తియ్యడు.

దొంగల భయం కాదు. ఆ ఇంట్లో దొంగ ఎత్తుకుపోదగ్గ వస్తువేదైనా ఉంటే అది నా కంటికి ఇంతవరకూ కనపడలేదు. అదే ఇంటి మేడమీది గదిలో నాలుగేళ్ళుగా ఉన్నాను కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను. ఆయన బాధ వేరు. ఎవరైనా తలుపు తడితే లోపల్నించి "ఎవరూ?" అంటాడు. తలుపు తట్టినవాడు ఎవడైనా ఏమంటాడు? "నేనే" అంటాడు. మామయ్యకి అక్కడే ఒళ్ళు మండుతుంది.

"నేనే అంటే?"

"నేనేనండీ."

"నేనూ నేనే. వంటింట్లో మా ఆవిడా నేనే. మేడమీద మా మేనల్లుడూ నేనే. ఇంట్లోనే ఇంతమంది నేనులుండగా బయట ఇంకో నేను ఎందుకయ్యా మాకు?"

పేరు చెప్పాలి. లేదా చేసే పని చెప్పాలి. ఎందుకొచ్చాడో చెప్పాలి. అప్పటిగ్గాని గడియ కదలదు. అందుకని వీధిలో ఆయనకి "ఎవరుగారు" అని పేరు పడిపోయింది. కొత్తగా వచ్చిన పోస్ట్‌మన్ అదే ఆయన అసలు పేరనుకుని ఒకరోజు తలుపు తట్టి, "ఎవరుగారున్నారా?" అని కేకేశాడు.

"ఎవరూ?" అన్నాడు మామయ్య లోపల్నించి.

"అవునండీ, ఎవరుగారే."

"అదే అడుగుతున్నా. ఎవరూ?"

"మీరేనండీ!"

"నేను లోపలున్నాను కదయ్యా! బయటున్నదెవరూ?"

ఆ ఉత్తరం ఆ రోజు అందలేదు.

మామయ్యకి వీధి మొదట్లో సైకిళ్ళు బాగుచేసే కొట్టుంది. లోకంలో చెడిపోయిన ప్రతి వస్తువుకీ సైకిల్లో మందుందని ఆయన నమ్మకం. అత్తయ్య కుట్టుమిషనుకి బెల్టు సైకిల్ ట్యూబు ముక్క. పెరటి తలుపు దానంతటది మూసుకోవడానికి వేసింది సైకిల్ సీటు స్ప్రింగు. నా కుర్చీ కాలు విరిగితే చక్రం పుల్లలు నాలుగు చుట్టి ఇచ్చాడు. దానిమీద కూర్చుని కొంచెం కదిలితే చాలు, ఎవరో దూరంగా వీణ సవరించుకుంటున్నట్టు ఉంటుంది.

నేను ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాను. చదువు మధ్యలో ఆగిపోయింది గాని చదవడం ఆగలేదు. పుస్తకాలు చదివి చెడిపోయానని మా అమ్మ అంటుంది. చదవకముందే చెడిపోయానని నా అభిప్రాయం. పగలంతా ఇతరుల తప్పులు వెతికేవాడికి సాయంత్రం ఇంటికొచ్చాక ఆ అలవాటు చప్పున పోదు. వెతకడానికి మామయ్యకంటే అనువైన పుస్తకం నాకింకోటి దొరకలేదు. ఏ పేజీ తీసినా తప్పే.

ఆ తప్పుల్లో పెద్ద తప్పు మొన్న వేసవిలో జరిగింది.

మామయ్యకి ఒక్కతే కూతురు. నాకంటే పెద్దది, వదినంటాను. ఆమెకి పెళ్ళయి అప్పటికి నెల. అల్లుడు ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. సౌమ్యుడు. ఆయనకి నత్తి. మాట బయల్దేరడానికి కొంచెం టైము పడుతుంది. బయల్దేరిందంటే మంచి మాటే వస్తుంది, కానీ అంతదాకా ఆగే ఓపిక ఎవరికుంది?

వదిన ముందురోజే పుట్టింటికి వచ్చింది. అల్లుడు మర్నాడు మధ్యాహ్నం వస్తాడన్నారు. పెళ్ళయ్యాక అత్తవారింటికి రావడం అదే మొదలు. అత్తయ్య, వదిన పెరట్లో ఉన్నారు. మామయ్య ముందు గదిలో ఒక చక్రం ఒళ్ళో పెట్టుకుని వంకర తీస్తున్నాడు. ఇంకా పదకొండైనా కాలేదు, తలుపు చప్పుడైంది.

"ఎవరూ?"

"నే... నే... నే..."

మామూలుగా అయితే "నేనే అంటే?" అని అడిగేవాడు. కానీ ఇక్కడ "నేనే" పూర్తిగా రాలేదు. ఆ వేళప్పుడు వీధిలోకి రోజూ ఒకతను నేల తుడిచే కర్రలు అమ్ముకుంటూ వస్తాడు.

"నేల తుడిచే కర్రలా?"

"నే... నే..."

"తెలిసిందయ్యా, నేల తుడిచే కర్రలే. ఇంట్లో రెండున్నాయి. మూడోది పట్టుకోవడానికి మా ఆవిడకి మూడో చెయ్యి లేదు. వెళ్ళు."

"కా... కా..."

"కాదా? అయితే చీపుళ్ళా? అవీ వద్దు. ఇల్లు శుభ్రంగానే ఉంది, వెళ్ళవయ్యా!"

ఎదురింటి అరుగుమీద మిషను పెట్టుకుని కుట్టే టైలరు ఇదంతా చూస్తున్నాడు. అతని నవ్వు చాలా పెద్దది. అతనితోపాటు బట్టలివ్వడానికి వచ్చిన నలుగురూ నవ్వారు. నేను మేడమీద చదువుకుంటున్నాను. ఆ నవ్వులు విన్నాను, కిందికి దిగలేదు. అప్పుడు చదువుతున్న పేజీ ఇప్పటికీ గుర్తుంది. అంత గుర్తుంచుకోదగ్గ పేజీ ఏం కాదు.

కాసేపటికి మామయ్య తలుపు తీసి, గుమ్మంలో ఉన్న పళ్ళ సంచి లోపలికి పట్టుకొచ్చాడు.

"ఏమే, కర్రలవాడు సంచి మర్చిపోయి వెళ్ళాడు."

పెరట్లోంచి వచ్చిన వదిన ఆ సంచి చూసింది. దానిమీద కళ్ళజోళ్ళ దుకాణం పేరు అచ్చేసి ఉంది.

"నాన్నా," అంది, "కర్రలవాడు ఈ సంచిలో పళ్ళు తేడు."

మామయ్య చేతిలో సంచి అలాగే ఉండిపోయింది. వదిన బట్టలు సర్దుకుంది. అత్తయ్య ఎంత బతిమాలినా ఆగలేదు. గుమ్మం దాటుతూ ఒక్క మాటే అంది.

"ఆయన్ని బయట నిలబెట్టిన గుమ్మం నేనూ తొక్కను."

అన్నట్టే తొక్కలేదు. వారానికోసారి కూరగాయల బజారులో తల్లీకూతుళ్ళు కలుసుకునేవారు. అత్తయ్య అరకిలో టమాటాలకి వెళ్ళి గంటన్నరకి తిరిగొచ్చేది, కళ్ళు ఎర్రగా, కొన్నిసార్లు టమాటాలు లేకుండా. మామయ్య "ఏమంది?" అని అడిగేవాడు. "ఏమంటుంది, బాగున్నారా అంది," అనేది అత్తయ్య. "ఎవర్ని అడిగింది?" "నన్నే." మామయ్య చక్రం తిప్పుకుంటూ కూర్చునేవాడు.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున్నే కొట్టు మూసేసి నా గదిలోకి వచ్చాడు.

"పదరా, కాలింగ్ బెల్లు కొనాలి."

"ఇప్పుడు బెల్లేమిటి మామయ్యా?"

"రైలు కూత కూసే బెల్లు. ఇంకెంతకాలం వింటాను ఈ 'నేనే' గోల!"

ఇంట్లో కూతురు అడుగు పెట్టడంలేదు. ఈయనకి రైలు కావాలి. మనుషులమీద నాకున్న అభిప్రాయాలన్నీ ఆ ఉదయం మళ్ళీ ఖాయమయ్యాయి.

కరెంటు సామాన్ల దుకాణంలో బల్లమీద పది బెల్లులు వరసగా పెట్టారు. దుకాణదారు మొదటిది నొక్కాడు. కోయిల కూసింది.

"కోయిల ఎవరింటికి వస్తుందయ్యా తలుపు తట్టుకుంటూ?" అన్నాడు మామయ్య.

రెండోది నొక్కితే పసిపాప నవ్వింది.

"తలుపు తీశాక పాపేదని మా ఆవిడ అడిగితే ఎవర్ని చూపించను?"

"ఇదిగోండి, మీరడిగిన రైలు. కొత్త సరుకు."

నొక్కాడు. మామయ్య చెవి దగ్గర పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు.

"ఇది రైలు కాదు. రైలుకి పడిశం పట్టింది." తర్వాత బెల్లు నా చేతికిచ్చాడు. "నువ్వు నొక్కు." నొక్కాను. "ఇప్పుడు మళ్ళీ ఆయన్ని నొక్కమను." ఆయనా నొక్కాడు. "చూశారా? ఎవరు నొక్కినా ఒకటే కూత. ఇదీ 'నేనే' అనే రకమే. వద్దు."

దుకాణదారు నావైపు చూసిన చూపులో చాలా జాలి ఉంది.

దారిలో అడిగాను: "అసలు రైలే ఎందుకు?"

"రైలుకి నోరు లేదురా. అయినా ఎంత చక్కగా చెప్పుకుంటుందో చూడు. దూరంగా ఉందా, దగ్గరికొచ్చిందా, ఆగుతుందా, ఆగకుండా పోతుందా, అంతా ఆ కూతలోనే. స్టేషను బయట నిలబడి ఏ రైలైనా 'నేనే' అనగా విన్నావా?"

"స్టేషను మాస్టరు 'ఎవరూ?' అని అడగడు కాబట్టి అనలేదు," అన్నాను.

మామయ్య ఇంటిదారి వదిలేసి పైపులమ్మే కొట్టువైపు తిరిగాడు.

దొరకనిది చేసుకోవాలి గదా. మర్నాటినుంచి వసారా నిండా ప్లాస్టిక్ పైపు ముక్కలు. ఒక పైపు కోసి, పక్కన గంటు పెట్టి, ఒక చివర బిరడా బిగించి, సైకిల్ పంపుతో గాలి కొట్టాడు. ఆవు అరిచింది. రెండోది కొంచెం పొట్టిగా కోశాడు. అత్తయ్య వంటింట్లోకి పరుగెత్తుకెళ్ళి స్టవ్ కట్టేసింది, కుక్కరనుకుని. ఆ రోజు అన్నం పలుకయింది. మూడోది దేనిలా అరిచిందో చెప్పడం కష్టం గాని, వీధికుక్కలు రెండు దానికి జవాబు చెప్పాయి.

"ఏమండీ, ఇది ఇంటికి బెల్లా, ఊరికి హెచ్చరికా?" అంది అత్తయ్య.

"ఒక్క పైపుతో రైలు రాదే. నాలుగు గొంతులు కలవాలి."

రెండు వారాలు పట్టింది ఆ నాలుగు గొంతులూ కలవడానికి. నాలుగు పైపులు, నాలుగు పొడవులు, పక్కపక్కన కట్టి తలుపు పైన బిగించాడు. వాటి వెనక గాలి నింపిన లారీ ట్యూబొకటి. సైకిల్ ట్యూబులో సరిపడా గాలి పట్టదని ఆయన తన జీవితంలో మొదటిసారి ఒప్పుకున్నాడు. ట్యూబుకీ పైపులకీ మధ్య ఒక మూత. ఆ మూతనించి ఒక తీగ గోడలోంచి బయటికి పోయి, గుమ్మం పక్కన సైకిల్ బ్రేకు పిడికి తగులుకుంది. వచ్చినవాళ్ళు బ్రేకు నొక్కాలి. ఎంతసేపు నొక్కితే అంతసేపు కూత. బండికైతే బ్రేకు వేస్తే ఆగుతుంది. ఇక్కడ బ్రేకు వేస్తే రైలొస్తుంది.

మొదటిసారి ఆయనే నొక్కాడు.

నిజం చెప్పాలి, అది రైలే. ఎక్కడో పొలాల అవతల మలుపు తిరుగుతున్న రైలు. నాక్కూడా ఒక్క క్షణం ఎక్కడికైనా వెళ్ళిపోవాలనిపించింది. వీధి చివర పెట్టె పట్టుకుని నడుస్తున్న ఒకాయన ఉన్నట్టుండి పరుగందుకున్నాడు.

అక్కడితో ఆగితే ఆయన మా మామయ్య ఎందుకవుతాడు? నాచేత ఒక అట్టమీద పెద్ద అక్షరాలతో రాయించి గుమ్మం పక్కన వేలాడదీశాడు. ఎవరికి ఏ కూతో. పాలావిడకి రెండు పొట్టివి. పోస్ట్‌మన్‌కి ఒక పొడుగు, ఒక పొట్టి. ఇస్త్రీ ఆవిడకి మూడు పొట్టివి. టైలరుకి రెండు పొడుగులు. పక్కింటి రిటైర్డ్ గుమాస్తాకి పొట్టి, పొడుగు, పొట్టి. అందరికంటే కష్టమైనది నాకిచ్చాడు: పొడుగు, రెండు పొట్టి, పొడుగు, మళ్ళీ పొట్టి.

"నాకే ఎందుకింత చాంతాడు?"

"పుస్తకాలు చదివేవాడివి, గుర్తుంటుందని."

గుర్తుండలేదు. ఒక సాయంత్రం వానలో నిలబడి మూడుసార్లు తప్పు కూశాను. లోపల్నించి చప్పుడు లేదు. "మామయ్యా, నేనే!" అని అరిచాను. అప్పుడు అసలే చప్పుడు లేదు.

కట్టుకున్న పెళ్ళానికీ మినహాయింపు లేదు. బజారునుంచి వచ్చిన అత్తయ్య హడావిడిలో ఒక పొడుగు, ఒక పొట్టి కూసింది. మామయ్య తలుపు తీసి చెయ్యి చాపాడు.

"ఉత్తరమేదీ?"

"ఏ ఉత్తరమండీ?"

"పోస్ట్‌మన్ కూత కూశావుగా."

"మీ నెత్తిన కొట్టడానికి ఉత్తరమెందుకు, ఈ సంచి చాలదూ?"

ఆఖరికి ఆయన కూడా, తన ఇంటికి తాను వచ్చినప్పుడు, బ్రేకు నొక్కేవాడు. లోపలెవరూ లేరని తెలిసినా నొక్కేవాడు. నొక్కి, తాళం తీసుకుని లోపలికి వెళ్ళేవాడు. రోజూ పొద్దున్నే తలుపుకి గాలి కొట్టడం ఒక పని. ఇంటి తలుపుకి గాలి కొట్టే మనిషిని లోకంలో ఈయన్నొక్కణ్ణే చూశాను. ఒకరోజు తలుపుకి పంక్చరైంది. ట్యూబు పేలిన చప్పుడుకి ఎదురింట్లో టైలరు ఎవరిదో పాంటు మోకాలిదాకా కత్తిరించేశాడు.

వీధి ఎంతకాలమని ఓర్చుకుంటుంది? గుమాస్తాగారికి మధ్యాహ్నం కునుకు పోయింది. టైలరుకి కొలతలు తప్పుతున్నాయి. కూత వచ్చినప్పుడల్లా టేపు జారి, నడుములు రెండంగుళాలు పెరుగుతున్నాయట. నేనూ ఊరుకోలేదు. ఒకరోజు ఆయన ట్యూబుకి అతుకు వేస్తుంటే అనేశాను.

"కూతురు గుమ్మం తొక్కి మూడు నెలలైంది. ఆవిడ మొగుణ్ణి తరిమేసిన మనిషివి, వెళ్ళి కాళ్ళావేళ్ళా పడాల్సింది పోయి పైపులు ఊదుకుంటున్నావు. నీకసలు బాధనేది ఉందా మామయ్యా?"

ఆయన అతుకుమీద బొటనవేలు అదిమిపట్టాడు.

"ఇది ఆరేదాకా వదలకూడదురా," అన్నాడు. "ఆ గరుక్కాగితం ఇలా ఇయ్యి."

ఇచ్చాను. ఇంకేం చేస్తాను?

ఆ వారం అత్తయ్య బజారునుంచి టమాటాలతోనూ నవ్వుమొహంతోనూ వచ్చింది. ఈ రైలు సంగతి కూతురికి చెబితే పగలబడి నవ్విందట. ఇంటికెళ్ళి మొగుడికి చెప్పిందట. ఆయనకి మిషను పనులంటే ఆసక్తి. ఆ మూత ఎలా తెరుచుకుంటుందని రెండుసార్లు అడిగాడట.

"ఆదివారం పొద్దున్న వస్తారటండీ. గుమ్మందాకా వస్తాం, లోపలికి రావడం సంగతి అప్పుడు చూద్దాం అన్నారట."

మామయ్య లేచి వెళ్ళి తలుపుకి గాలి కొట్టాడు. అవసరం లేకపోయినా కొట్టాడు.

సరిగ్గా ఆ శుక్రవారమే వీధివాళ్ళంతా కలిసి ఫిర్యాదు చెయ్యడానికి వచ్చారు. ఆ కూత తీసెయ్యాలని గట్టిగా చెప్పడానికి వచ్చారు. కానీ తలుపు మూసి ఉంది. తట్టితే తియ్యడు, పిలిస్తే తియ్యడు. కాసేపు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత గుమాస్తాగారు ముందుకొచ్చి పొట్టి, పొడుగు, పొట్టి కూశారు. టైలరు రెండు పొడుగులు కూశాడు. ఇస్త్రీ ఆవిడ మూడు పొట్టివి. పాలావిడ రెండు. కూత వద్దని చెప్పడానికి వచ్చినవాళ్ళు గుమ్మంలో ఒక జంక్షను నడిపారు.

మామయ్య తలుపు తీశాడు.

"ఇంతమందీ ఒకేసారి వస్తే ఏ రైలుకని సిగ్నలివ్వను?"

"నవ్వులాటలొద్దండీ," అన్నారు గుమాస్తాగారు. "ఇది ఇళ్ళున్న వీధి. రేపటికల్లా ఆ పైపులు తీసెయ్యాలి. మాకు నోళ్ళున్నాయి. పిలిస్తే మామూలుగా తలుపు తియ్యండి."

మా మామయ్య ఎవర్నీ బతిమాలగా నేనెప్పుడూ చూళ్ళేదు. ఆ రోజు చూశాను.

"ఆదివారం దాకా ఓపిక పట్టండి బాబూ. ఆదివారం మా అల్లుడొస్తున్నాడు. ఆ తర్వాత తీసెయ్యమంటే నేనే తీసేస్తాను."

"అల్లుడికీ కూతకీ ఏమిటి సంబంధం?" అన్నాడు టైలరు.

మామయ్య గుమ్మంలో కూర్చున్నాడు. చేతికంటిన గ్రీజు పంచెకి తుడుచుకున్నాడు.

"ఆయన దుకాణానికి వెళ్ళాన్రా," అన్నాడు. చెబుతున్నది అందరికీ, చూస్తున్నది నావైపు. "మర్నాడే వెళ్ళాను. తప్పైపోయిందని చెప్పాను. ఆయన 'ప... ప...' అన్నాడు. 'పర్వాలేదంటారా?' అన్నాను. తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ 'ప...' అన్నాడు. 'పదండి, వెళ్దాం అంటారా?' అన్నాను. ఇక ఆయన నోరు మూసేసుకుని అద్దం తుడుచుకున్నాడు. క్షమాపణ చెప్పడానికి వెళ్ళి, ఆయన నోట్లో మాట మళ్ళీ నేనే లాక్కుని వచ్చాను. ఆయనేమనబోయాడో ఇప్పటికీ తెలీదు."

మామయ్య ఆ చేతులే మళ్ళీ పంచెకి తుడుచుకున్నాడు.

"నాకీ అలవాటు పోదు. తలుపు చప్పుడైతే 'ఎవరూ' అనేస్తాను, అవతల మాట రాకముందే నేను పూర్తి చేసేస్తాను. నోరు మూసుకుందామంటే నా వల్ల కావట్లేదు. అందుకని అసలు మాటతో పనే లేకుండా చేద్దామని..."

"అయితే ఆయనొక్కడికీ పెట్టుకోవచ్చుగా," అన్నాడు టైలరు. "మా అందరిచేతా ఎందుకు కూయించావు?"

"ఆయనొక్కడికే పెడితే మళ్ళీ ఆయన్ని వేరే నిలబెట్టినట్టు కాదా? గుమాస్తాగారు కూస్తారు, నువ్వు కూస్తావు, నేను కూస్తాను, ఆయనా కూస్తాడు. ఈ గుమ్మం దగ్గర ఎవరికీ మాట లేదు. అంతే."

గుమాస్తాగారు అట్టమీది పట్టిక కళ్ళజోడు సవరించుకుని చదివారు. "మరి ఇందులో ఆయన కూత రాయలేదే?"

"ఆయన ఎలా మాట్లాడాలో నేనెవర్నండీ రాయడానికి?"

టైలరు తన చెప్పులవైపు చూసుకుంటున్నాడు. ఆ రోజు నవ్విన నవ్వు అతనికి గుర్తొచ్చినట్టుంది. నేనూ నా చెప్పులు చూసుకున్నాను. అవి అంత చూడదగ్గవేం కావు.

"ఆదివారం ఎన్నింటికి?" అన్నాడు టైలరు చివరికి.

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి నేను మేడమీది కిటికీలోంచి చూస్తున్నాను. వదిన, అల్లుడు వీధి మలుపు తిరిగారు. అల్లుడి నడక నెమ్మదిగా ఉంది. పది ఇళ్ళ అవతల ఆగిపోయాడు.

అప్పుడే టైలరు మిషను మీదనుంచి లేచాడు. గుమ్మం దగ్గరికొచ్చి రెండు పొడుగులు కూశాడు. మామయ్య తలుపు తీశాడు. టైలరు వేళ్ళతో సైగ చేశాడు, సూది కావాలని. నలభయ్యేళ్ళుగా బట్టలు కుడుతున్న మనిషి సూది అప్పడిగి తీసుకెళ్ళాడు. వెంటనే గుమాస్తాగారు వచ్చి పొట్టి, పొడుగు, పొట్టి కూసి, చేతికున్న గడియారం చూపించి టైమెంతని సైగ చేశారు. మామయ్య ఆ గడియారమే చూసి వేళ్ళు లెక్కపెట్టి చెప్పాడు. ఇస్త్రీ ఆవిడ ఎవరివో బట్టలు తెచ్చి, ఇచ్చి, మళ్ళీ తీసుకుపోయింది. పాలావిడ ఊరికే వచ్చి రెండు కూతలు కూసి, ఎందుకొచ్చిందో తెలీక నవ్వేసి వెళ్ళిపోయింది. ఒక్కరి నోటినుంచీ ఒక్క ముక్క రాలేదు.

అల్లుడు అంతా చూశాడు. వదిన ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు. నడిచి గుమ్మందాకా వచ్చాడు.

నేను మెట్లు దిగి ముందు గదిలోకి వచ్చేసరికి మామయ్య మూసిన తలుపు వెనక గడియమీద చెయ్యేసి నిలబడి ఉన్నాడు. రెండో చేత్తో నోరు గట్టిగా మూసుకున్నాడు. పక్కన అత్తయ్య.

కూత మొదలైంది. పొట్టిగా ఒకటి. ఆగింది. మళ్ళీ పొట్టిగా. మళ్ళీ. ఎక్కడో ఇరుక్కుపోయినట్టు. మామయ్య గడియ సగందాకా లాగి, మళ్ళీ వెనక్కి నెట్టాడు. నాలుగోసారి కూత బయల్దేరింది. ఈసారి ఆగలేదు. పొడుగ్గా సాగి, విరిగి, మళ్ళీ లేచి, గబగబా నాలుగు పొట్టివై, దీర్ఘం తీసి, మలుపు తిరిగి, పట్టాలు మారి, వీధంతా నిండిపోయి...

"తియ్యండి, పాపం ఎంతసేపు నిలబడతాడు!" అంది అత్తయ్య.

"ఉండవే. మధ్యలో తీస్తే మాటకి అడ్డుపడ్డట్టు."

కూత సన్నబడసాగింది. ట్యూబు వాలిపోతోంది. మామయ్య ఒక్క గంతులో మూలనున్న పంపు లాక్కుని, గొట్టం తగిలించి, రెండు చేతులా గాలి కొట్టడం మొదలెట్టాడు. బయట అల్లుడు నొక్కుతున్నాడు, లోపల మామయ్య కొడుతున్నాడు. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది.

"ఏమండీ, తలుపు తీస్తే పోతుంది కదా!"

"ఆయన చెప్పేది ఇంకా ఉందే!" అన్నాడు రొప్పుతూ. "నువ్వేం చూస్తున్నావురా, పట్టు!"

పంపు పిడి రెండో పక్క పట్టుకున్నాను. ఇద్దరం కలిసి కొట్టాం. బయట వదిన నవ్వు వినపడింది. టైలరు నవ్వూ వినపడింది. ఈసారి ఆ నవ్వు వేరుగా ఉంది. చివరికి ఒక్క పొట్టి కూత వచ్చి, వాక్యం చివర చుక్క పెట్టినట్టు ఆగిపోయింది. మామయ్య పది అంకెలు లెక్కపెట్టాడు, ఇంకేమైనా ఉందేమోనని. అప్పుడు గడియ తీశాడు.

అల్లుడు బ్రేకు పిడి పట్టుకుని నిలబడి ఉన్నాడు. మొహం ఎర్రగా ఉంది. చెమటలో మునిగిన మామగారినీ, పంపునీ, నన్నూ చూశాడు. చెప్పులు విప్పాడు. వదినకంటే ముందు తనే లోపలికి అడుగు పెట్టి, తలెత్తి ఆ మూతకేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఇంతకీ ఏం చెప్పాడండీ ఇంతసేపూ?" అని అత్తయ్య గుసగుసగా అడిగింది. గుసగుస అనుకున్నది ఆవిడ. అందరికీ వినపడింది.

"తిట్టాడే," అన్నాడు మామయ్య. ఆయన మొహం వెలిగిపోతోంది. "నన్ను కడిగేశాడు. ఎక్కడా ఆగకుండా, ఒక్క ముక్క తడబడకుండా తిట్టాడు! విన్నావా నువ్వు?"

అల్లుడు పైపులమీంచి చూపు తిప్పకుండానే, అవునన్నట్టు తలూపాడు.